నెరిడా పాస్కో దారి కాగితం

నాకు ముక్కు మీద కోపమని మా హాకర్ ఊళ్లో అందరూ అంటారు. ఉంటే ఉందండీ. పట్నం నుంచి కొత్త బూట్లేసుకుని వచ్చి, "ఈ కారు ఆ మట్టిరోడ్డు మీద పోతుందా?" అని అడిగేవాళ్లకు నలభై ఏళ్లు టైర్ల కొట్లో నిలబడి జవాబు చెప్పినవాడికి కోపం రాక ఏమొస్తుంది? అయితే మా గోడ పక్కింటి నెరిడా పాస్కో అదే ప్రశ్న అడిగిన రోజున వచ్చినంత కోపం నాకు ఎన్నడూ రాలేదు.

ఏప్రిల్ నెల. ఆవిడ బస్సెక్కి పోర్ట్ అగస్టా వెళ్లి, ఒక ప్లంబరు దగ్గర పాత తెల్ల వ్యాను కొని తనే నడుపుకుంటూ వచ్చింది. ఇరవై ఏడేళ్ల బండి. పక్కన రాసిన ప్లంబరు పేరు చెరిగిపోయింది గాని, "మురుగు గొట్టాలు బాగుచేయబడును" అన్న ముక్క మాత్రం నిక్షేపంలా ఉంది. వారం తిరక్కుండా గొట్టాలు పెట్టుకునే అరల మీద చెక్క పరిచి, పరుపు వేసి, గ్యాసు పొయ్యి బిగించి, కిటికీకి పువ్వుల తెర కట్టేసింది. అంతా బాగానే ఉంది. కాని ఇంజను తిప్పేది వెనక రెండు చక్రాలనే. బండి కడుపుకూ నేలకూ మధ్య జానెడు ఎడం.

"మెర్వూ, ఇది ఉత్తరాన విలియం క్రీక్ దాకా పోతుందా?" అంది.

"ఎందుకు పోదూ? లారీ మీద ఎక్కిస్తే భేషుగ్గా పోతుంది."

"నవ్వొచ్చిందిలే. టైర్లు చూసి చెప్పు."

"టైర్లు కాదు, నీ బుర్ర చూడాలి. మారీ ఊరు దాటితే రెండు వందల కిలోమీటర్లు మట్టి. గరుకు రాళ్లు, ఇసుక, వాగులు. డెబ్భై రెండేళ్లొచ్చాయి నీకు."

"నా వయసు ఇంజను కింద బిగించట్లేదుగా. టైర్లు చూడవయ్యా మహానుభావా."

ఆవిడ ఎక్కడికి వెళ్లాలనుకుంటోందో నాకు తెలుసు. వాళ్ల నాన్న పాత రైలు మార్గంలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్. మారీకీ విలియం క్రీక్‌కూ మధ్య కల్లెన్ సైడింగ్ అని రైళ్లు పక్కకు తప్పుకునే చిన్న హాల్టు ఒకటుండేది. నాలుగు రాతి గదులు, ఒక నీళ్ల ట్యాంకు, అంతే ఊరు. నెరిడా అక్కడే పుట్టింది. తన ఎనిమిదో ఏట నాన్నకు బదిలీ అయి దక్షిణానికి వచ్చేశారు. తర్వాత పట్టాలే పీకేశారు. వెళ్లి చూడాలి, వెళ్లి చూడాలి అని నలభై ఏళ్లుగా గోడ మీంచి అంటూనే ఉంది. అనే మనిషి ఒక రోజు వెళ్తుందని ఎవరనుకుంటారు?

"ఈ యేడే ఏం ముంచుకొచ్చింది?" అన్నాను.

ఆవిడ వ్యాను తలుపు మూసి, చేతులు తుడుచుకుంది. "కంటి డాక్టరు ఆగస్టు ముప్పై ఒకటి దాకే సంతకం పెట్టాడు. చూపు మధ్యలో మచ్చ పెరుగుతోందట. అంతవరకు పగలు మాత్రం నడపొచ్చు. ఆ తర్వాత లైసెన్సు వెనక్కి ఇచ్చెయ్యాలి."

ఇరవై ఎనిమిదేళ్లు మా ఊరి స్కూలు బస్సు నడిపింది ఆవిడ. ఒక్క పిల్లకు గీత పడలేదు. బస్సు లేని వేళల్లో పోస్టాఫీసు కిటికీలో కూచునేది. ఆవిడను స్టీరింగు ముందు కాకుండా ఇంకో సీట్లో చూసిన గుర్తే లేదు నాకు. వాళ్లాయన బతికున్నప్పుడు కూడా ఆయనే పక్క సీట్లో కూచుని నిద్రపోయేవాడు.

"సరే, టైర్లు చూస్తాను. కాని ఈ ప్రయాణానికి నేను ఒప్పుకోలేదు. అది గుర్తుపెట్టుకో" అన్నాను.

"నిన్నెవరడిగారు?" అంది.

ఇక మొదలైంది. మే నెలంతా ఆవిడ వంటింటి బల్ల మీద పటం పరిచే ఉంది. చారు గిన్నె పెట్టడానికి కూడా చోటు లేదు. అరవై లీటర్ల నీళ్లు. మూడు డబ్బాలు, మూడు వేర్వేరు మూలల్లో, ఒకటి చిల్లుపడ్డా రెండు మిగిలేలా. స్పేరు టైరు ఒకటి చాలంది. నేను రెండు ఉండాల్సిందేనని అరిచాను. రెండోది ఎక్కడ పెట్టాలన్నది పెద్ద తగువు. చివరికి మంచం కింద దూరింది. "టైరు మీద పడుకున్న మొదటి మహారాణివి నువ్వే" అన్నాను. రొట్టెలకు పిండి, డబ్బా మాంసం, టీ పొడి, మా ఎడారి చెట్లకు కాసే క్వాండాంగ్ పండ్లతో ఆవిడే చేసిన జాము. గరుకు రోడ్డు ఎక్కేముందు టైర్లలో గాలి ఎంత దించాలో, తారురోడ్డు ఎక్కాక ఎంత నింపాలో నేను నేర్పాను. నేను నేర్పానా! ఆవిడే నాకు రెండుసార్లు తప్పు దిద్దింది.

ఒప్పుకోలేదన్నవాణ్ణి, బండి కింద పడుకుని ఇంజను అడుగున ఇనప రేకు బిగించింది మాత్రం నేనే. ఆ రేకు లేకపోతే మొదటి రాయికే నూనె తొట్టి పగులుతుంది మరి. గ్లెనిస్ అటుగా పోతూ నా కాళ్లు చూసింది. గ్లెనిస్ మా ఊరి పబ్బు యజమానురాలు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏం మెర్వ్, కందకు లేని దురద కత్తిపీటకెందుకూ?" అంది.

"రేకు వృథాగా పడుంది, బిగిస్తున్నా" అన్నాను.

"అవునవును. మనసు కూడా వృథాగానే పడున్నట్టుంది" అని పోయింది. లేచి జవాబు చెబుదామంటే తల బండికి తగిలింది.

అన్నీ కుదిరాయి గాని ఒకటి కుదరలేదు. అదేమిటో చెప్పాలి. మా వైపు ఉత్తరానికి బయల్దేరే ఎవరైనా ఒక కాగితం రాసి ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్తారు. ఏ దారిన పోతున్నారు, ఏ బండి, ఎందరు, నీళ్లెన్ని, చేరాక ఎన్నింటికి ఫోన్ చేస్తారు, అన్నీ అందులో ఉంటాయి. చెప్పిన గంట దాటి మూడు గంటలైనా ఫోన్ రాకపోతే కాగితం పట్టుకున్న మనిషి పోలీసులకు చెప్పాలి. ముప్పై ఏళ్లుగా మా ఊరి కాగితాలన్నీ నెరిడా దగ్గరే ఉండేవి. పోస్టాఫీసు కిటికీ మూసేశాక ఇంటికి తీసుకెళ్లి, ఫోన్ పక్కన కూచుని అల్లుకుంటూ ఎదురుచూసేది. అందరి కాగితాలూ పట్టుకున్న మనిషి కాగితం ఎవరు పట్టుకోవాలి?

గ్లెనిస్‌ను అనుకుంది, శనివారం పబ్బు నిండితే గ్లెనిస్‌కు తన పేరే గుర్తుండదు. పోలీసాయన కొత్తవాడు, వారంలో మూడు రోజులు ఊళ్లోనే ఉండడు. ఇలా ఊరంతా వెతికింది. గోడ పక్కన నేనున్నాను కదా? నా వంక చూడలేదు. నాకెంత ఉక్రోషం వచ్చిందో చెప్పలేను.

చూడకపోవడానికి కారణముంది, ఒప్పుకుంటాను. పదకొండేళ్ల క్రితం నేను ఉత్తరాన బర్డ్స్‌విల్ ఊరికి బయల్దేరాను. కాగితం నెరిడాకే ఇచ్చాను, సాయంత్రం ఐదింటికి ఫోన్ అని. దారిలో పాత స్నేహితుడి పశువుల ఫారం కనబడితే బండి లోపలికి తిప్పాను. ఒక బీరు, రెండు బీర్లు, పాత కబుర్లు. రేపు బర్డ్స్‌విల్ చేరాక ఒకేసారి చేద్దాంలే అనుకున్నాను. ఆ ఫారం పేరు నా కాగితంలో లేదు. నెరిడా మూడు గంటలు చూసింది, ఫోన్ ఎత్తింది. మర్నాడు పొద్దున్నే విమానం లేచింది. ఏడు ఫారాలవాళ్లు పనులు మానుకుని వాగులు, వంకలు గాలించారు. పదింటికి విమానం మా స్నేహితుడి పొలంలోనే దిగింది. పైలట్ వరండాలోకి వచ్చి, "మెర్విన్ షిర్మర్ అని ఎవడో చచ్చిపోయాడట, ఇటేమైనా కనిపించాడా?" అని నన్నే అడిగాడు. నా నోటినిండా మాంసం కూరిన రొట్టె ఉంది. నమిలి మింగి, "నేనేనండీ" అన్నాను.

ఆ రోజుతో నా పరువు గంగలో కలిసింది. ఇప్పటికీ పబ్బులో అడుగుపెడితే చాలు, "మెర్వ్, చేరానని ఫోన్ చేశావా?" అంటుంది గ్లెనిస్. పబ్బు మా ఇంటికి నూరడుగులు.

జూన్ పదిహేనుకు బయల్దేరాలని నెరిడా ముహూర్తం పెట్టుకుంది. జూన్ పదమూడున వాన మొదలైంది. ఏడాదికి ఒకసారి కూడా సరిగ్గా కురవని చోట నాలుగు రోజులు కురిసింది. ఊరి చివర రోడ్ల బోర్డు మీద ఆ దారికి ఎర్ర రంగు పడింది: మూసివేత. మూసిన దారి మీద బండి దింపితే చక్రానికింతని జరిమానా.

"నాది టూ వీల్ డ్రైవ్ కదా, రెండు చక్రాలకే కడతానంటే ఊరుకుంటారా?" అంది నెరిడా. జూన్‌లో ఆవిడకు ఇంకా నవ్వొచ్చేది.

జూలైలో బోర్డు మారింది. ఎరుపు పోయి, "ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు మాత్రమే" అని వచ్చింది, అంటే నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే బండ్లకే. నెరిడా రోజూ పొద్దున టీ గ్లాసు పట్టుకుని బోర్డు దాకా నడిచేది, చూసి వెనక్కి వచ్చేది. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. భుజాలు చూస్తే చాలు, బోర్డు మీద ఏముందో తెలిసిపోయేది. జూలై చివర మళ్లీ వాన, మళ్లీ ఎరుపు. ఆగస్టు పదికి మళ్లీ ఫోర్ వీల్. పట్నంవాళ్ల పెద్ద పెద్ద బండ్లు దుమ్ము రేపుకుంటూ ఆవిడ ముందు నుంచే పోతున్నాయి. ఆవిడ తెల్ల వ్యాను నీళ్లు నింపుకుని, టైర్లు ఉబ్బించుకుని, మా రెండిళ్ల మధ్య నిలబడే ఉంది.

ఆగస్టు ఇరవైన ఇక నేను ఊరుకోలేకపోయాను. నాకు ఫోర్ వీల్ జీపుంది.

"నెరిడా, రేపు పొద్దున్నే నా బండిలో పోదాం. కల్లెన్ సైడింగ్ చూపిస్తాను. ఎల్లుండికి వెనక్కి" అన్నాను.

అలా అడగడం నాకు తేలికనుకోకండి. రాత్రంతా మాటలు కూర్చుకున్నాను.

"నీది మంచి మనసు మెర్వూ. కాని పక్క సీటు నాకు సెప్టెంబరు నుంచి చచ్చేదాకా ఉంటుంది. ఇప్పుడే ఎందుకు?" అంది.

నాకు కోపం వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఏం చెయ్యను? "అయితే ఆ బోర్డు ముందే కూచో! నీ మచ్చా, నీ మొండితనమూ!" అని అరిచి ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. సాయంత్రం వెళ్లి క్షమించమన్నాను. "ఏమన్నావో వినబడలేదు, నా చెవులకు కూడా మచ్చొచ్చిందేమో" అని నవ్వి, టీ ఇచ్చింది.

ఆగస్టు ఇరవై తొమ్మిది, మధ్యాహ్నం మూడింటికి గ్లెనిస్ పబ్బు వదిలేసి వీధిలో పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ మనిషి పరుగెత్తడం నేనెన్నడూ చూడలేదు. "తెరిచారు! అన్ని బండ్లకూ తెరిచారు!" అని అరుస్తోంది. నెరిడా నెత్తిన పాలు పోసినట్టయింది. పెరట్లో ఆరేసిన దుప్పట్లు తడిగా ఉండగానే లాగి మడతపెట్టింది.

మర్నాడు తెల్లవారి ఏడింటికి ఇంజను ఆడుతోంది. నేను చివరిసారి టైర్లు తన్ని చూస్తున్నాను. ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాచి మడతపెట్టిన కాగితం నా ముందు పెట్టింది.

"ఇదేంటి?" అన్నాను.

"దారి కాగితం. నీ దగ్గరుంచు."

"నాకా? ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా?"

"నీకోసం విమానం లేపారు చూడు, ఆ తర్వాత ఇంకెప్పుడైనా ఫోన్ మర్చిపోయావా?"

"లేదు."

"అందుకే. ఊళ్లో అంత గట్టిగా బుద్ధొచ్చినవాడు ఇంకొకడు లేడు. ఇంతకాలం ఇవ్వకుండా ఎందుకాగానంటావా? నువ్వు ఉడుక్కుంటుంటే చూడ్డానికి బాగుంది."

అని బండి కదిలించింది. నేను వీధి మధ్యలో కాగితం పట్టుకుని నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ గొట్టం ముందు నిలబడ్డందుకే అని గ్లెనిస్‌కు చెప్పాను.

కాగితంలో రెండు ఫోన్లున్నాయి. ముప్పైన సాయంత్రం నాలుగింటికి మారీ నుంచి. ముప్పై ఒకటిన నాలుగింటికి విలియం క్రీక్ నుంచి. మొదటిది నాలుగుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. "టైర్లు బాగున్నాయి. నువ్వు?" అంది. "నేనూ బాగున్నాను" అన్నాను.

రెండోరోజు నేను రెండింటికే ఫోన్ ముందు కుర్చీ వేసుకుని కూచున్నాను. నాలుగైంది. నాలుగుంబావు. ఫోన్ తీగ ఊడిందేమోనని లాగి చూశాను. నాలుగున్నర. మూడు గంటలు ఆగాలని నాకు తెలుసు. ఆవిడే పెట్టిన పద్ధతి అది. కాని అక్కడ ఆరింటికి పొద్దు గుంకుతుంది, ఆవిడ చీకట్లో నడపకూడదు, నడపలేదు. పోలీసుల నంబరు మూడుసార్లు తిప్పి మూడుసార్లు పెట్టేశాను. నన్ను వెతికిన ఆ రోజు ఈ కుర్చీలాంటి కుర్చీలో ఆవిడ ఎలా కూచుందో నాకు పదకొండేళ్లకు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఐదూ పదికి ఫోన్ మోగింది.

"చేరాను మెర్వూ" అంది.

"చేరావా! గంటా పది నిమిషాలు! ప్రాణం ఉందనుకున్నావా నాకు? ఏమైంది? టైరా? రేకు ఊడిందా?"

"ఏమీ కాలేదు. ఆఖరి నలభై కిలోమీటర్లు బాగా నెమ్మదిగా నడిపాను."

"రోడ్డు బాలేదా?"

"రోడ్డు బ్రహ్మాండంగా ఉంది" అంది. "అయిపోతుందని నెమ్మదిగా నడిపాను."

"సైడింగ్ చూశావా మరి? ఇల్లుందా?" అన్నాను.

"దాటుకుంటూ వచ్చేశాను. ఆగలేదు."

"ఆగలేదా! నలభై ఏళ్లుగా నా చెవులు తినేసి, తీరా అక్కడికెళ్లి ఆగలేదా?"

"ఆగితే ఇక్కడికి పొద్దుండగా చేరలేను. పుట్టిన చోటు ఎక్కడికి పోతుంది మెర్వూ? బండి నడపడమే రేపటి నుంచి ఉండదు. నాకు ఉన్న పగలంతా నడపాలనిపించింది. ఆ ఇల్లు తిరిగొచ్చేటప్పుడు చూస్తాను."

అప్పుడు గాని నాకు తట్టలేదు. బండికి బిగించే ప్రతి మరమేకూ రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ణి, తేదీలు ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. "నెరిడా, రేపు సెప్టెంబరు ఒకటి. తిరిగి ఎలా వస్తావు?"

"కాగితం వెనక్కి తిప్పి చూడలేదా?"

తిప్పాను. ఆవిడ పోస్టాఫీసు అక్షరాలతో గుండ్రంగా రాసి ఉంది. తిరుగు ప్రయాణం: సెప్టెంబరు నాలుగు. డ్రైవరు: మెర్విన్ షిర్మర్.

"టపా లారీ అతనికి చెప్పి ఉంచాను. బుధవారం పొద్దున ఆరింటికి మన వీధి చివర ఆగుతాడు" అంది.

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే రెండు నెలలు వాదించేవాడివి" అని పెట్టేసింది.

టపా లారీలో పదకొండు గంటలు కుదుపులు తిని దిగేసరికి నా నడుము నాది కాదు. ఆవిడ వ్యాను ముందు కుర్చీ వేసుకుని, ఎండలో కాళ్లు చాపుకుని, పక్కనున్న పట్నంవాళ్లకు టైర్లలో గాలి ఎంతుండాలో పాఠం చెబుతోంది. బండి అద్దాలు తుడిచి ఉన్నాయి. తాళం నా చేతిలో పెట్టింది. రెండో గేరు మొరాయిస్తుందనీ, కోప్పడితే పడదనీ చెప్పింది.

మర్నాడు పొద్దున వెనక్కి బయల్దేరాం. కల్లెన్ సైడింగ్ దగ్గర నేనే బండి ఆపాను. పైకప్పులు లేవు. రాతి గోడలు రెండు గదులకే మిగిలాయి. నెరిడా లోపలికి వెళ్లి ఒక మూల నిలబడి, "అమ్మ పొయ్యి ఇక్కడ" అంది. ఇంకో మూలకు వెళ్లి, "నేను ఇక్కడ" అంది. ఏడుస్తుందనుకున్నాను, భయపడ్డాను కూడా. ఆవిడ మాత్రం, "ఎంత చిన్న గది! ఆరుగురం ఎలా పట్టామో!" అని పకపకా నవ్వింది. గోడ నీడన టీ పెట్టింది. జాము రొట్టె తిన్నాం. వాళ్ల నాన్న పట్టాల మీద తోపుడు బండి నడుపుతూ తనను ముందు కూచోబెట్టుకునేవాడని చెప్పింది. బ్రేకు కర్ర తన చేతికే ఇచ్చేవాడట.

గ్లాసులు సర్దుకుని లేచాం. ఆవిడ మాట్లాడుతూనే వ్యాను చుట్టూ తిరిగి, డ్రైవరు వైపు వెళ్లి, తలుపు పిడి మీద చెయ్యి వేసింది. అక్కడే ఆగిపోయింది. నేను తాళం జేబులో పట్టుకుని నిలబడ్డాను. చూడనట్టు నటించాలని కూడా నాకు తోచలేదు. ఆవిడ ఆ పిడిని రెండుసార్లు తట్టి, చెయ్యి తీసేసి, ముందు నుంచి నడుచుకుంటూ ఇటు వచ్చింది. నేను వెళ్లి పక్క సీటు తలుపు తెరిచి పట్టుకున్నాను. ఎక్కి కూచుని, బెల్టు పెట్టుకుని, ముందుకు చూసింది.

"ఊఁ, పోనీ. మెల్లిగా, మొదట్లో ఇసుకుంది" అంది.